పాలిష్ కింద టైరును ఒకసారి చూడు, చెల్లీ

చెల్లీ, పండక్కి ఊరెళ్లే ముందు కారును వాటర్ వాష్‌కి ఇస్తాం కదా. అన్నీ అయ్యాక అక్కడి కుర్రాడు చివర్లో ఒక స్పాంజి ముక్క తీసుకుని నాలుగు టైర్లకూ గబగబా ఏదో రాసేస్తాడు. టైర్లు నల్లగా నిగనిగలాడతాయి. మనకూ ముచ్చటేస్తుంది. ఇవాళ నీతో ఆ నిగనిగ గురించే మాట్లాడాలని కూర్చున్నాను. పాలిష్ రాయొద్దని చెప్పడానికి కాదు. పాతది పూర్తిగా తీసి, టైరును కళ్లారా చూసి, ఆ తర్వాతే కొత్తది రాయమని చెప్పడానికి. కారు సంగతులు ఆయన చూసుకుంటారులే అని వదిలేయకు. స్టీరింగ్ పట్టేది నువ్వు, వెనక సీట్లో కూర్చునేది నీ పిల్లలు.

ముందు రబ్బరు సంగతి తెలుసుకుందాం. రబ్బరు చెట్టు పాలు తెల్లగా ఉంటాయి. తొలినాళ్ల కారు టైర్లూ తెలుపుకు దగ్గరగానే ఉండేవి. మిషెలిన్ కంపెనీ బొమ్మ చూసే ఉంటావు, టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే లావుపాటి మనిషి. 1898లో పుట్టిన బొమ్మ అది, అందుకే తెల్లగా ఉంటుంది. రబ్బరులో మసి కలపడం 1910ల నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. దాన్నే కార్బన్ బ్లాక్ అంటారు. ఆ మసి వల్ల టైరు త్వరగా అరగదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరు లోతుకు దిగవు. అంటే టైరు నలుపు అందం కోసం వచ్చింది కాదు, రక్షణ కోసం వచ్చింది.

రబ్బరుకు ఎండతో పాటు ఇంకో శత్రువు ఉంది, ఓజోన్. ఆకాశంలో పైన ఉండి మనల్ని కాపాడే ఓజోన్ పొర సంగతి వేరు. వాహనాల పొగ మీద ఎండ పడితే నేలకు దగ్గర్లోనే ఈ వాయువు పుడుతుంది. సాగి ఉన్న రబ్బరుకు అది తగిలితే సన్నని పగుళ్లు మొదలవుతాయి. దీన్ని అడ్డుకోవడానికి ఫ్యాక్టరీలోనే రబ్బరులో మైనాన్నీ, ఓజోన్‌ను ఆపే రసాయనాలనూ కలుపుతారు. బండి నడుస్తున్నంతసేపూ టైరు వంగుతూ, సాగుతూ ఉంటుంది. ఆ కదలికకు లోపలున్నవి మెల్లగా పైకి ఊరి పల్చని పొరలా నిలుస్తాయి. ఆ రసాయనాలు గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతాయి. టైరు పక్కభాగం మీద కనిపించే ఆ గోధుమరంగు అంతా మురికే అనుకోకు, టైరు తనను తాను కాచుకుంటున్న గుర్తు కూడా అందులో ఉంది. నెలల తరబడి కదలకుండా ఎండలో నిలబెట్టిన కారు టైర్లు, రోజూ తిరిగే కారు టైర్ల కంటే ముందు పగలడానికి ఆ కదలిక లేకపోవడం ఒక కారణం.

ఇక మనం పైన రాసేవి ఏమిటో చూద్దాం. బజార్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. పాలలా తెల్లగా ఉండేవి నీటి ఆధారంతో చేసినవి. తడి మెరుపు ఎక్కువసేపు ఉండే జిడ్డు రకం పెట్రోలియం ద్రావకాలతో చేసినది. మూడోది, గట్టి పొరలా పట్టి నెలల పాటు నిలిచే కోటింగు. రెండో రకంలోని ద్రావకాలు రబ్బరు పైకి ఊరిన మైనాన్ని కరిగించి తీసేయగలవు. అందుకని నేను నీటి ఆధారంతో చేసినదే వాడమంటాను. కిరోసిన్, డీజిల్, పెట్రోలు, పాత ఇంజన్ ఆయిల్ మాత్రం టైరు దరిదాపులకు రానివ్వకు. వాటికి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వాష్ చేసేవాళ్లు కారు అడుగున డీజిల్ కొడతామంటే వద్దని గట్టిగా చెప్పు. కొబ్బరినూనె కూడా వద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

పాత పొర మీదే కొత్తది రాస్తే ఏమవుతుందంటావా? మట్టి పట్టిన జుట్టుకు తలంటు పోసుకోకుండా మళ్లీ నూనె పెట్టుకున్నట్టే. కింద దుమ్ము, పైన జిడ్డు, ఆ జిడ్డుకి మళ్లీ దుమ్ము. పొర సరిగ్గా పట్టదు, మచ్చలు మచ్చలుగా తేలుతుంది. బండి వేగం అందుకోగానే చుక్కలు చిమ్మి తలుపుల మీద నల్లటి చారలు పడతాయి.

తీసే పద్ధతి చెప్తాను విను. కారును నీడలో పెట్టు, టైరు చల్లబడనివ్వు, హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, చేతులకు గ్లవ్స్ తొడుక్కో. ఒక్కో చక్రం పని పూర్తి చేసుకుంటూ వెళ్లు. ముందు రిమ్ము కడుగు, బ్రేకు నుంచి రాలే పొడి అంతా దాని మీదే ఉంటుంది. తర్వాత టైరు క్లీనర్ కొట్టి ఒకటి రెండు నిమిషాలు నాననివ్వు, ఆరిపోనివ్వకు. గట్టి ప్లాస్టిక్ పళ్ల బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ రుద్దు. ఇనుప బ్రష్ వద్దు. కంపెనీ పేరు అక్షరాల సందుల్లోకి పాత టూత్‌బ్రష్ బాగా వెళ్తుంది. మొదటిసారి నురగ ముదురు గోధుమరంగులో వస్తుంది. కడిగి మళ్లీ కొట్టు, మళ్లీ రుద్దు. నురగ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. గట్టి కోటింగు ఉంటే ఓపిక ఇంకాస్త ఎక్కువ కావాలి.

పొర పూర్తిగా పోయిందో లేదో నీళ్లే చెప్తాయి. టైరు పక్కభాగం మీద కాసిని నీళ్లు చల్లు. ముత్యాల్లా చుక్కలు కట్టి జారిపోతే పాత పొర ఇంకా ఉన్నట్టు. సమానంగా పరుచుకుంటే రబ్బరు బయటపడినట్టు. ఆరాక తెల్లగుడ్డతో తుడిచి చూడు, గుడ్డకు జిడ్డు అంటకూడదు.

కడిగిన ఆ గోధుమరంగు నీళ్లు బావి దగ్గరికో, చెరువులోకో పోకుండా చూసుకో. ఓజోన్‌ను ఆపడానికి టైర్లలో కలిపే ఒక రసాయనం నుంచి పుట్టే పదార్థం, వాననీటితో వాగుల్లో చేరి అమెరికా పడమటి తీరంలో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. రోడ్ల మీద అరిగే టైర్ల పొడి నుంచి వచ్చినది అది. మన ఇంటి బక్కెట్టు దానిముందు చిన్నదే. అయినా మన వంతు జాగ్రత్త మనం పడదాం.

ఇప్పుడు అసలు మాట. పాతది పోయి, కొత్తది ఇంకా రాయని ఆ అరగంట చాలా విలువైనది చెల్లీ. టైరు ఉన్నది ఉన్నట్టు కనిపించేది అప్పుడే. పాలిష్ నిండిన సన్న పగుళ్లు కంటికి ఆనవు. టైరు ఆరుతున్నంతసేపూ దాని ముందు కూర్చుని చుట్టూ చూడు, వేళ్లతో తడుము. పక్కభాగంలో పగుళ్లున్నాయా? ఎక్కడైనా బుడిపెలా ఉబ్బిందా? గుంతలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగితే అలా ఉబ్బుతుంది. దానికి మరమ్మతు లేదు, పక్కభాగానికి పంక్చర్ వేయడమూ సరికాదు. ఆ టైరుతో హైవే ఎక్కకు, మార్పించు.

గాడుల మధ్య అడ్డంగా చిన్న గట్లుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, వెంటనే మార్చాలి. పక్కభాగం మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైనదని. బయటివైపు కనపడకపోతే లోపలివైపు వెతుకు. ఐదేళ్లు దాటిన టైర్లను ఏడాదికోసారి తెలిసినవాళ్లకు చూపించు. పదేళ్లు దాటితే గాడులు ఎంత లోతుగా ఉన్నా పక్కన పెట్టేయాలి, స్టెప్నీ అయినా సరే. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కూడా చూసుకో. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.

అన్నీ బాగున్నాయా? అయితే ఇప్పుడు రాయి. టైరు మీద నేరుగా కొట్టకుండా స్పాంజి మీద కొద్దిగా వేసుకో. పల్చగా, పక్కభాగానికి మాత్రమే రాయి. పది పదిహేను నిమిషాలాగి, మిగిలిన తడిని పొడిగుడ్డతో తుడిచెయ్యి. కావాలంటే రెండో పూత, అదీ పల్చగానే. గట్టి కోటింగైతే సీసా మీద చెప్పినంతసేపు తడి తగలనివ్వకు. బ్రేకు డిస్కు మీద ఒక్క చుక్క పడకూడదు. గాడులుండే ముఖానికి అసలు రాయొద్దు, రోడ్డును పట్టుకునేది అదే.

ఇక్కడ నీ చేయి పట్టుకుని చెప్పే మాట ఒకటుంది. అమ్మాయి స్కూటీ టైర్లకు మాత్రం ఏ పాలిషూ వద్దు. మలుపులో బండి వాలినప్పుడు టైరు అంచు రోడ్డుకు ఆనుతుంది. అక్కడ జిడ్డుంటే జారిపోతుంది. దసరా ఆయుధ పూజకు బండిని కడిగి, పసుపూ కుంకుమా బొట్లు పెట్టుకో, అంతవరకు చాలు. వాష్ చేసే కుర్రాడికి కూడా ఈ మాట ముందే చెప్పిపెట్టు.

ఇదంతా వారం వారం చేయక్కర్లేదు. మామూలు రోజుల్లో కారు షాంపూ నీళ్లు చాలు. ఎండలు ముదిరే ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక దసరా ముందు ఒకసారి, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బెజవాడ రోడ్డు ఎక్కే ముందు ఒకసారి పొర తీసి చూసుకుంటే సరిపోతుంది. పండగ హడావిడిలో అన్ని పనులకూ తీరిక లేదంటావా? అప్పుడు పాతది తీయడం, టైరు చూడడం, ఈ రెండూ చెయ్యి, రాయడం మానెయ్యి. పూత లేని టైరుతో నిశ్చింతగా ఊరు చేరొచ్చు. చూడకుండా పూసిన టైరును నమ్మి మాత్రం బయల్దేరకు చెల్లీ.