చెవి వినకపోతే మెదడులో ఏమవుతుంది?

పలాస స్టేషనులో రైలు కూత వేస్తుంది. దగ్గర వీధిలో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడుతుంది. కొందరు బిడ్డలు మాత్రం కదలరు. "బంగారు బిడ్డ, ఏ గోలకీ లేవదు" అని ఇంట్లో మురిసిపోతారు. కాని ఆ బిడ్డకు కూత వినపడిందా? అది చూసుకోవాలి. పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురు దాకా వినికిడి లోపంతో పుడతారు.

మెదడులో తెల్ల భాగం

మెదడులో రెండు రంగుల భాగాలు ఉంటాయి. ఒకటి బూడిద రంగు. ఇంకొకటి తెలుపు. తెల్ల భాగం నిండా సన్నని నరాల పోగులు ఉంటాయి. ఇవి కరెంటు తీగల్లాంటివి. ఒక చోటి కబురును మరో చోటికి మోస్తాయి. తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా! ఈ పోగులకు కొవ్వు తొడుగు ఉంటుంది. అందుకే ఆ భాగం తెల్లగా కనపడుతుంది. తొడుగు పడితే కబురు వేగంగా పోతుంది.

పుట్టినప్పుడు ఈ తొడుగు పూర్తిగా ఉండదు. మొదటి రెండు మూడేళ్ళలో జోరుగా పెరుగుతుంది. ఉద్దానం తోటల్లో కాలిబాట చూడండి. రోజూ నలుగురు నడిస్తే బాట నిలుస్తుంది. ఎవరూ నడవకపోతే తుప్పలు కమ్మేస్తాయి. మెదడులో బాటలూ అంతే. శబ్దం రాకపోతే వినికిడి బాట సరిగా పెరగదు. పుట్టు చెవుడు ఉన్నవారికి స్కానింగు తీసి చూశారు. మెదడులో శబ్దం చేరే చోట తెల్ల భాగం తక్కువగా కనిపించింది.

ఇంకో మంచి సంగతి కూడా తెలిసింది. పసితనం నుంచీ సైగల భాష నేర్చిన చెవిటివారిలో భాషకు సంబంధించిన బాట బాగానే పెరిగింది. చిన్నప్పుడు ఏ భాషా అందని వారిలో ఆ బాట బలహీనంగా ఉంది. అంటే మెదడుకు భాష కావాలి. అది చెవిలోంచి వచ్చినా సరే, కంటిలోంచి వచ్చినా సరే.

"వస్తాదిలే" అని ఆగవద్దు

"గుంటడికి మాట నెమ్మదిగా వస్తాదిలే, కంగారు పడకే" అని అత్త కోడలికి చెబుతుంది. ఆమెకు మనవడి మీద ప్రేమే. కాని ఆగిన ప్రతి నెలా బిడ్డకు నష్టమే. చెవిటి బిడ్డ కూడా మొదట్లో ఏడుస్తుంది, నవ్వుతుంది, ఊ కొడుతుంది. అందుకే పెద్దలు మోసపోతారు. చాలామంది చెవిటి పిల్లలకు గొంతు బాగానే ఉంటుంది. మాట వినపడక మాట రాదు, అంతే.

ఈ గుర్తులు చూడండి:

1. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడదు.
2. ఆరు నెలలు దాటినా చప్పుడు వైపు తల తిప్పదు.
3. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే చూడదు.
4. ఏడాదిన్నరకు ఒక్క మాటా రాదు.

వెనక నుంచి చప్పట్లు కొడితే గాలి తగిలి కూడా బిడ్డ తిరగవచ్చు. కాబట్టి ఇంటి పరీక్ష చాలదు. మిషనుతో చేసే పరీక్ష ఉంది. నొప్పి ఉండదు. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వైద్యం మొదలు కావాలని డాక్టర్లు చెబుతారు.

ఎక్కడ అడగాలి?

ముందు ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఉచితంగా పరీక్ష చేస్తారు. టెక్కలి, శ్రీకాకుళంలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. విశాఖపట్నంలో చెవి, ముక్కు, గొంతుకు ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

కొందరికి చెవి మిషను చాలుతుంది. కొందరికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను కావాలి. ఎంత చిన్న వయసులో చేస్తే అంత మేలు. దీనికి ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది. వయసు పరిమితి కూడా ఉంటుంది. ముందే అడిగి తెలుసుకోండి. ఆపరేషను అయ్యాక మాటల శిక్షణ తప్పనిసరి. సైగల భాష నేర్పితే మాట రాదనే భయం వద్దు.

జవాబులు చెప్పండి

1. మెదడులో తెల్ల భాగం ఏ పని చేస్తుంది?
2. చెవిటి బిడ్డకు మాట ఎందుకు రాదు?
3. మీ వీధిలో ఏడాది లోపు పిల్లలు ఎందరు? వారికి వినికిడి పరీక్ష అయిందా? అడిగి రాయండి.