బురదలో బతికే పాపెర

ఎండాకాలం. మానుకోట దగ్గర ఒక ఊరి కుంట ఎండిపోతున్నది. నడుమ గుంటలో మోకాలు లోతు నీళ్ళే మిగిలాయి. తాత బురదలో చెయ్యి పెట్టి దేవులాడుతున్నాడు. మనవరాలు కూడా చెయ్యి పెట్టింది. చురుక్కుమన్నది.

"తాతా, పామున్నది!"

"పాము గాదు బిడ్డా, పాపెర. దాని వీపుకు ముండ్లుంటయి. తల దిక్కు నుంచి తోక దిక్కుకే నిమరాలె."

మనం పాపెర అనే చేపను కోస్తా వైపు బొమ్మిడాయి అంటారు. సన్నగా, పొడుగ్గా పాములాగా ఉంటుంది. కాని చేపే. మొప్పలుంటాయి. వీపు మీద విడివిడిగా 30కి పైగా ముండ్లుంటాయి. పెద్ద రకం 90 సెంటీమీటర్లు, అంటే రెండు మూరల దాకా పెరుగుతుంది. కుంటల్లో ఎక్కువగా దొరికేవి జానెడు, మూరెడు.

దీని ఇల్లు నీటి అడుగు. పగలంతా బురదలో, రాళ్ళ సందుల్లో దాక్కుంటుంది. చీకటి పడినాక మేతకు బయలుదేరుతుంది. ముక్కు కొనకు మెత్తటి కండ ఉంటుంది. దానితో బురదను తడిమి ఎర్రలను, పురుగులను, చిన్న రొయ్యలను పట్టి తింటుంది. మనం చీకట్లో చేత్తో తడుముకున్నట్టే!

"అడుగున ఉండే చేపలన్నీ గిట్లనే ఉంటయా తాతా?"

అన్నీ ఇట్లా ఉండవు. సముద్రం అడుగున నాలుకలాగా బల్లపరుపుగా ఉండే చేపలున్నాయి. పుట్టినప్పుడు వాటికి అన్ని చేపల మాదిరే రెండు పక్కలా కళ్ళుంటాయి. పెరిగేటప్పుడు ఒక కన్ను మెల్లగా జరిగి రెండో కన్ను పక్కకు వస్తుంది. ఆ తర్వాత చేప ఒక పక్కకు ఒరిగి ఇసుక మీదనే పడుకుంటుంది. రెండు కళ్ళూ పైకే చూస్తుంటాయి. వింతగా లేదూ?

మన పాపెర వానకాలం గుడ్లు పెడుతుంది. గుడ్లు జిగటగా ఉండి నీటి మొక్కలకు అంటుకుంటాయి. చెరువులో మొక్కలన్నీ పీకేస్తే గుడ్లకు చోటుండదు.

2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో చేప పిల్లలను వదిలే పథకం మొదలుపెట్టింది. బొచ్చె, రవ్వ లాంటి చేపలను వదిలారు. పాపెరను ఎవరూ తెచ్చి వదలరు. ఎండాకాలం గుంటలో మిగిలినవే, వరదకు కాలువ వెంట వచ్చినవే మళ్ళీ పెరగాలి. ఆ గుంటలోనే మందు కలిపితే? పెద్దవి, పిల్లలు, అవి తినే పురుగులు అన్నీ చస్తాయి. నీటికి కరెంటు తీగ పెట్టి చేపలకు బదులు తామే ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

గట్టు మీద నుంచి ఒకతను కేకేశాడు.

"పెద్దయ్యా, గంత కష్టమెందుకు? పత్తి మందు జర పోస్తే అన్నీ తేలుతయి."

"రేపు గీ నీళ్ళే బర్లు తాగుతయి కొడుకా. మందు చేపను మన పిల్లలే తింటరు."

తాత పెద్దవి ఏడెనిమిది బుట్టలో వేసుకున్నాడు. వేలెడంత వాటిని గుంటలోనే వదిలి, పైన కంప కప్పాడు.

"వీటిని ఇడిసిపెడుతున్నవేంది తాతా?"

"వానలు పడ్డంక పెరిగి గుడ్లు పెట్టేటివి గివే బిడ్డా."

ఇంటి దగ్గర అవ్వ బూడిద తెచ్చింది. పాపెర ఒంటి జిగురు బూడిదతో రుద్దితే తప్ప పోదు.