లంచం, పైరవీ: ఒకే గొలుసుకు రెండు కొసలు



మనం ఇచ్చే సాయం పేద కుటుంబం ఇంటికి చేరిందా లేదా అని చూసుకుంటాం. ఆ ఇంటి నుంచి అది ఎక్కడికి పోతోందో మాత్రం అంతగా ఆలోచించం. భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి పింఛనుకు దరఖాస్తు పెట్టుకుందనుకోండి. ఆమెకు భర్త మరణ ధ్రువపత్రం కావాలి. ఆధార్‌లోనూ రేషన్ కార్డులోనూ పేరు ఒకేలా ఉండాలి. పిల్లల స్కాలర్‌షిప్పుకు ఆదాయ ధ్రువపత్రం, బీసీ-ఇ కింద వచ్చే కుటుంబమైతే కుల ధ్రువపత్రం కావాలి. ఇవేవీ ఎవరి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడినవి కావు, అర్హత ఉంటే అందాల్సినవే. అయినా ఒక బల్ల దగ్గర "టీ ఖర్చులు" అంటారు, ఇంకో బల్ల దగ్గర "పైవాళ్లకూ ఇవ్వాలి కదమ్మా" అంటారు. బియ్యానికీ పిల్లల పుస్తకాలకూ మీరిచ్చిన డబ్బులో కొంత ఆ బల్లల దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి లంచం సంగతి దాతలకు సంబంధం లేనిది కాదు. అది ఎక్కడ పుడుతోంది? ధర్మం, చట్టం దాన్ని గురించి ఏమంటున్నాయి? మన చేతిలో ఉన్నదేమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం.

లంచం రెండు రకాలు

వీరప్ప మొయిలీ అధ్యక్షతన పనిచేసిన రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో పాలనలో నైతికత మీద ఒక నివేదిక ఇచ్చింది. అందులో లంచాన్ని రెండుగా విడదీసి చూపింది. ఒకటి బలవంతపు లంచం. న్యాయంగా రావలసిన దాని కోసం గత్యంతరం లేక ఇచ్చేది. పైన చెప్పిన సోదరిది ఈ కోవ. రెండోది కుమ్మక్కు లంచం. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ లాభపడి, ప్రజలను ముంచేది. నాసిరకం రోడ్డుకు బిల్లు పాస్ చేయించుకునే కాంట్రాక్టరు, నిబంధనలకు మించి అంతస్తు లేపే బిల్డరు ఈ కోవలోకి వస్తారు. మొదటి రకంలో బాధపడే మనిషి కళ్లెదుట ఉంటాడు, ఫిర్యాదు చేసే అవకాశమైనా ఉంటుంది. రెండో రకంలో ఇద్దరూ సంతోషంగానే ఉంటారు కనుక ఫిర్యాదు చేసేవాడే ఉండడు.

ఈ రెంటికీ మధ్య మరొకటి ఉంది. "మేమేమీ తప్పు పని చేయించుకోవడం లేదు, పని తొందరగా కావాలని ఇస్తున్నాం" అనేది. అవినీతి నివారణకు కేంద్రం 1962లో నియమించిన సంతానం కమిటీ దీన్నీ పట్టించుకుంది. ఆ కమిటీ సిఫారసుల మీదనే 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడింది. తొందర కోసం ఇచ్చే డబ్బుతో వచ్చే చిక్కు తేలిగ్గానే అర్థమవుతుంది. వేగానికి ధర పలుకుతుందని తెలిశాక ఫైలును ఊరకే కదిలించడం ఎవరికీ లాభసాటి కాదు. ఆపితేనే డబ్బు వస్తుంది. ఉన్నవాడు తొందర కోసం ఇచ్చిన రెండు వేలు, లేనివాడి ఫైలు ఆగిపోవడానికి కారణమవుతుంది. అధిక ధర ఇచ్చి సరుకు కొన్నవాడు బజారు ధరను అందరికీ పెంచినట్టే ఇదీను.

బల్ల దగ్గర చెయ్యి చాచే మనిషి వెనుక

గుమాస్తా ఒక్కడే ఆశపోతు అనుకుంటే అసలు సంగతి సగమే తెలుస్తుంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు దక్షిణ భారతంలో కాలువల నీటిపారుదల వ్యవస్థను దగ్గరగా చూసి 1982లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఈ అంశం మీద చదివేవాళ్లు ఇప్పటికీ దాన్ని ప్రస్తావిస్తారు. రాబడి ఎక్కువగా ఉండే చోటుకు బదిలీ కావాలంటే ఇంజినీరు పై అధికారులకూ రాజకీయ నాయకులకూ డబ్బు చెల్లించుకోవాలి. చెల్లించిన సొమ్మును రైతుల నుంచీ కాంట్రాక్టర్ల నుంచీ రాబట్టుకోవాలి. నాయకుడికి ఎన్నికల ఖర్చు ఉంటుంది, అతడు బదిలీల మీద రాబట్టుకుంటాడు. అంటే కాలువ చివరి రైతుకు నీళ్లు అందకపోవడానికి మూలం కాలువ గట్టు మీద కాక, బదిలీ ఉత్తర్వు మీద ఉంది.

ఈ గొలుసును గమనించండి. కింద కొస లంచం, పై కొస పైరవీ. నిజాయితీగల అధికారి "కాదు" అన్న మరునాడు బదిలీ అయిపోతాడని తెలిస్తే, ఆ తర్వాత వచ్చేవాడు "కాదు" అనడం మానేస్తాడు. ఫోను చేసి చెప్పిన మాటకు కాగితం మీద ఆధారం ఉండదు. తేడా వస్తే సంతకం పెట్టినవాడే దోషి, చెప్పినవాడు తప్పించుకుంటాడు.

దీన్ని సరిచేయాలని సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన తీర్పులు ఇచ్చింది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న, రాష్ట్ర పోలీసు అధిపతి మొదలు స్టేషన్ అధికారి వరకు ముఖ్యమైన పదవుల్లో ఉన్నవారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, బదిలీలను చూడటానికి పోలీసు అధికారుల బోర్డు ఉండాలని ఆదేశించింది. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్‌తో పాటు మొత్తం 83 మంది విశ్రాంత అధికారులు వేసిన కేసులో 2013 అక్టోబరు 31న మరో తీర్పు వచ్చింది. నోటి మాటగా వచ్చే ఆదేశాల మీద అధికారులు నడవకూడదని, వాటిని రాతలో నమోదు చేయాలని, సివిల్ సర్వీసు అధికారులకు నిర్ణీత పదవీకాలం ఉండాలని కోర్టు చెప్పింది. ఈ తీర్పుల అమలు మాత్రం అంతంత మాత్రమే. బదిలీల మీద పట్టును ఏ పార్టీ ప్రభుత్వమూ తేలిగ్గా వదులుకోదు.

ధర్మం చెప్పేది

ఇతరుల సొమ్ము అన్యాయంగా తినేందుకు న్యాయాధికారుల దగ్గరికి ధనాన్ని ఎరగా తీసుకుపోవడాన్ని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో నిషేధించింది. దైవప్రవక్త (స) కాలంలో జరిగిన రెండు సంఘటనలు మన విషయానికి అద్దం పడతాయి.

మొదటిది బహుమతి గురించి. జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తి తిరిగి వచ్చి, ఇది ప్రజా ధనం, ఇది నాకు వచ్చిన కానుక అని విడదీసి పెట్టాడు. పదవి లేకుండా తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) నిలదీశారు. నేటి పండుగ కానుకలకు, స్వీటు డబ్బాలకు, అధికారి ఇంట్లో పెళ్లికి పంపే కవర్లకు ఈ కొలబద్ద సరిగ్గా సరిపోతుంది.

రెండోది సిఫారసు గురించి. మఖ్జూమ్ అనే పేరున్న వంశానికి చెందిన ఒక స్త్రీ దొంగతనం చేస్తే, ఆమెను వదిలేయమని చెప్పడానికి ఆమె వారు దైవప్రవక్తకు (స) ఎంతో ఇష్టుడైన ఉసామాను (రజి) పంపారు. ఆయన ఆ సిఫారసును తిరస్కరించారు. తన కుమార్తె విషయంలోనైనా న్యాయం మారదని, పెద్దలను వదిలి బలహీనులను శిక్షించడమే మునుపటి జాతుల నాశనానికి కారణమని ప్రజలకు బోధించారు.

అయితే సిఫారసులన్నీ చెడ్డవేనా? కాదు. మంచి సిఫారసుకూ చెడు సిఫారసుకూ అన్-నిసా సూరా తేడా చూపింది. అర్హత ఉండి, నోరు లేక ఆగిపోయిన మనిషి తరఫున మాట్లాడటం పుణ్యం. అర్హత లేనివాడిని ముందుకు నెట్టడం, వరుసలో ఉన్నవాడిని వెనక్కి తోయడం అన్యాయం. ఫోను చేసే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: నా మాట వల్ల ఇంకొకరి హక్కు పోతుందా?

గత్యంతరం లేక తన హక్కు కోసం ఇచ్చుకున్నవారి విషయంలో, పాపభారం పుచ్చుకున్నవాడిదేనని పూర్వ పండితుల్లో చాలామంది చెప్పారు. ఆ మినహాయింపు పైన చెప్పిన సోదరి లాంటి వారికే. మరో దారి ఉన్నవాడు, ఇతరుల హక్కు కాజేసేవాడు దాని చాటున దాక్కోలేడు.

చట్టం చెప్పేది

1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018 జులై 26 నుంచి ముఖ్యమైన సవరణలు అమల్లోకి వచ్చాయి. దాతలు, వ్యాపారులు, సంస్థల నిర్వాహకులు అందరూ ఈ నాలుగు సంగతులు తెలుసుకోవాలి.

ఒకటి: లంచం తీసుకున్న ప్రభుత్వోద్యోగికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా. పని సక్రమంగానే చేశాను కదా అనే సాకు చెల్లదు. మామూలు రేషన్ కార్డు దరఖాస్తును సకాలంలో చూడటానికి ఉద్యోగి ఐదు వేలు అడగడాన్నే చట్టం ఉదాహరణగా ఇచ్చి, అది నేరమని చెప్పింది.

రెండు: లంచం ఇవ్వడం కూడా నేరమే. దానికి ఏడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మూడు: బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకు లేదా దర్యాప్తు సంస్థకు తెలియజేస్తే ఆ శిక్ష వర్తించదు. ముందుగానే అధికారులకు చెప్పి, వారికి సహకరించేందుకు డబ్బు ఇచ్చినవారికీ రక్షణ ఉంది. ఏసీబీ వల పన్నే పద్ధతి ఇదే.

నాలుగు: ఉద్యోగి చేత అక్రమంగా పని చేయిస్తానని, తన పలుకుబడి వాడతానని చెప్పి సొమ్ము తీసుకునే దళారి కూడా శిక్షార్హుడే.

ఫిర్యాదు చేసినవారు తర్వాత ఎదురుతిరిగితే కేసు వీగిపోతుందన్న భయానికి కూడా కొంత జవాబు దొరికింది. అలాంటి సందర్భంలో ఇతర సాక్ష్యాధారాల మీద శిక్ష వేయవచ్చని 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏసీబీకి 1064 నంబరుకు ఫోను చేయవచ్చు.

డబ్బు లేకుండా ఫైలు కదిలించే దారి

ప్రతి ఒక్కరూ ఏసీబీ దాకా వెళ్లలేరు. పేదవాడికి మరుసటి రోజు అదే ఆఫీసులో పని ఉంటుంది. అంతకంటే సులువైన ఆయుధం సమాచార హక్కు. ఇది దానంగా వచ్చింది కాదు. 1994 డిసెంబరులో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు, రైతులు బహిరంగ విచారణలు మొదలుపెట్టి, కూలీల పట్టికలను, బిల్లులను ఊరి ముందు చదివించారు. 1996లో బియావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. అలాంటి పోరాటాల ఫలితమే 2005 నాటి చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరగడానికి వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే.

వాడే పద్ధతి ఇది. దరఖాస్తును మీసేవలోనో, సచివాలయంలోనో ఇచ్చి రశీదు తప్పక తీసుకోవాలి. రశీదు లేని దరఖాస్తు గాలిలో మాటే. గడువు దాటాక తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాయాలి: ఈ నంబరు దరఖాస్తు ఏ తేదీ నుంచి ఏ ఉద్యోగి దగ్గర ఉంది? దీనికి నిర్ణీత గడువు ఎంత? ఆలస్యానికి ఫైలులో నమోదైన కారణం ఏమిటి? దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. జవాబుకు 30 రోజుల గడువు. రాకపోతే 30 రోజుల్లోగా అదే శాఖ పై అధికారికి మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తగిన కారణం లేకుండా సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 చొప్పున 25 వేల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. కమిషన్ల దగ్గర ఆలస్యం ఉన్నమాట నిజమే. కానీ తన పేరు, తేదీ కాగితం మీదికి ఎక్కబోతున్నాయని తెలిస్తే చాలాసార్లు ఫైలు అంతకు ముందే కదులుతుంది.

మన వంతు

ఇప్పుడు మాట మన దగ్గరికి వస్తుంది. దాతల్లో వ్యాపారులున్నారు, స్థలాలు కొని ఇళ్లు కట్టేవారున్నారు. ప్లాను మంజూరుకు, రిజిస్ట్రేషన్‌కు "మామూలు" ఇచ్చి, ఆ ఖర్చును లెక్కల్లో వేరే పేరుతో రాసుకుని, మిగిలిన లాభంలోంచి దానం చేస్తే, ఒక చేత్తో పెట్టినది మరో చేత్తో లాగేసినట్టే. పేదవాడి బల్ల దగ్గర రేటు పెంచింది ఆ మామూలే.

సేవా సంస్థల్లోనూ పైరవీ దూరే సందులున్నాయి. కుట్టుమిషన్ల జాబితాలో "మా మనిషి పేరు రాయండి" అని పెద్ద దాత చెప్పినా, సభకు ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడు తన వార్డు జాబితా ఇచ్చినా, అది ప్రభుత్వ శాఖలో జరిగే జోక్యానికి చిన్న రూపమే. అర్హతలు ముందే రాసి గోడ మీద పెట్టడం, ఎంపికైనవారి వివరాలతో పాటు ఎంపికకు కారణాన్ని కూడా నమోదు చేయడం, నోటి సిఫారసులను సైతం తేదీ వేసి రాసిపెట్టడం మనం చేయగలిగినవే. సుప్రీంకోర్టు అధికారులకు చెప్పినది మనకూ వర్తింపజేసుకుందాం.

చివరగా దాతలకు ఒక విన్నపం. బియ్యం, దుప్పట్లు, ఫీజులతో పాటు, వారానికి రెండు పూటలు కూర్చుని దరఖాస్తులు నింపి, రశీదులు భద్రపరచి, గడువులు రాసుకుని, అవసరమైతే ఆఫీసుకు వెంట వెళ్లే ఒక చదువుకున్న యువకుడి జీతం కూడా దానంగా భావించండి. ఒక్క వితంతు పింఛను లంచం లేకుండా మంజూరైతే, అది ఆ ఇంటికి నెలనెలా, ఏళ్ల తరబడి వస్తుంది. ఒంటరిగా వెళ్లిన సోదరిని అడిగినంత తేలిగ్గా, రశీదు పట్టుకుని పక్కన మరో మనిషి నిలబడినప్పుడు ఎవరూ డబ్బు అడగలేరు. మన యువకులను అలా నిలబడటానికి సిద్ధం చేద్దాం.