నులివెచ్చని విశ్వాసము

యోహాను ప్రకటన గ్రంథమున లవొదికయ సంఘమునకు ఒక హెచ్చరిక కలదు. ఆ సంఘము దేవుని విడిచినది కాదు. మనసార సేవించినదియు కాదు. నులివెచ్చదనమే దాని దోషము.

ధైర్యముగల విశ్వాసమనగా అన్యమతస్థులతో వాదించుట కాదు. నమ్మినదానికై మూల్యము చెల్లించుట. తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌధరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఆ కాలమున అట్టి నిర్ణయమునకు బంధువుల ప్రేమ, సంఘ గౌరవము బలియగుచుండెడివి. అయినను ఆయన తెలుగును విడువలేదు. అందే ప్రభువును కీర్తించెను.

మన పులివెందులకు సమీపమున, జమ్మలమడుగులోని కాంప్‌బెల్ ఆసుపత్రి మరియొక నిదర్శనము. లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడు కాంప్‌బెల్ పేరు అది నేటికిని వహించుచున్నది. అచ్చట విశ్వాసము ఉపన్యాసముగా గాక ఔషధముగా రోగులను చేరెను. వైద్యుడు రోగి మతము నడుగడు, బాధ నడుగును.

ఇక మన సంగతి యేమి? ఆదివారము అందరితో కలిసి ప్రభు భోజనమున పాల్గొని, పెండ్లి మాట వచ్చినంతనే కులము, కట్నము విచారించుట నులివెచ్చదనము కాదా? వేకువనే ప్రార్థించి, పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుట మాత్రము వేరొకటియా?

సోదర విద్యార్థులారా! మిషనరీలవలె సముద్రములు దాటనక్కరలేదు. కట్నము వలదని ఇంటిలో ఒక్కమాట చెప్పుటకు కావలసిన ధైర్యము చాలును. చర్చికి వెళ్ళువారికే గాక, మసీదుకు, గుడికి వెళ్ళు మన మిత్రులకును ఈ పరీక్ష ఒక్కటే. ప్రార్థన ముగిసిన పిమ్మట మన నడవడియే మన విశ్వాసమునకు సాక్షి.