వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా

ఇంటిలో పెద్దలకు జబ్బు చేసినప్పుడు తక్కినవారికి కలుగు మొదటి చింత వైద్యుని గూర్చి. రెండవది ధనమును గూర్చి. ఈ రెండవ చింతను తగ్గించుటకు ప్రభుత్వము చేసిన యేర్పాట్లు గలవు. వానిని రోగము రాకముందే తెలిసికొనుట మేలు.

ఒడిశాలో ముఖ్యముగా రెండు మార్గము లున్నవి. మొదటిది కుటుంబమునకు సంబంధించినది. 2018లో బిజు స్వాస్థ్య కల్యాణ యోజన యను పేర మొదలైన పథకము నేడు గోపబంధు జన ఆరోగ్య యోజనగా నడచుచున్నది. 2025లో కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ దానితో కలిసినది. ఆసుపత్రిలో చేరి చేయించుకొను చికిత్సకు, ఆహారభద్రత రేషను కార్డు గల కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకును, ఆ యింటి స్త్రీలకు అదనముగా మఱి 5 లక్షల వరకును ప్రభుత్వమే చెల్లించును.

రెండవది వయస్సును బట్టి వచ్చునది. 2024 అక్టోబరు 29న ఆరంభమైన ఆయుష్మాన్ వయ వందన కార్డు 70 ఏండ్లు నిండినవారికి, ధనిక పేద భేదము లేక, రేషను కార్డు లేకున్నను లభించును. కుటుంబమునకు ఇదివరకే ఆయుష్మాన్ రక్షణ యున్నచో ఈ 5 లక్షలు పెద్దలకు ప్రత్యేకము, తక్కినవారు వాడుకొనరాదు. ఇంట 70 దాటినవారు ఇద్దఱున్నచో ఆ మొత్తమును పంచుకొనవలెను. కేంద్రోద్యోగుల, మాజీ సైనికుల వైద్యపథకములలో నున్నవారు రెండింటిలో నొకదానినే కోరుకొనవలెను. ప్రైవేటు బీమా గలవారికి అట్టి నిర్బంధము లేదు.

పూర్వమునుండి యున్న మధుమేహము, గుండెజబ్బు మున్నగువానికిని ఈ రక్షణ తొలినాటినుండియే వర్తించును. అయితే ఆసుపత్రిలో చేరక, ఇంట దినదినము వాడు మందులకు వర్తింపదు. పథకమున చేరిన ఆసుపత్రులలోనే కార్డు చెల్లును. బిడ్డలు విశాఖపట్టణమున నున్న బరంపురము పెద్దలు గలరు గదా! కార్డు రాష్ట్రపు సరిహద్దులు దాటియు పనిచేయును. ఏ ఆసుపత్రి చేరినదో 14555 సంఖ్యకు ఫోను చేసి ముందుగా విచారింపవలెను.

ఇక ముఖ్యవిషయము. వయస్సునకు ఆధార్ కార్డే ప్రమాణము. పుష్కరమును బట్టియో తుఫానును బట్టియో పుట్టిన యేటిని చెప్పు పెద్దలు మనలో నున్నారు. నిజముగా 72 ఏండ్లున్నను ఆధారులో 66 అని యున్నచో వయ వందన కార్డు రాదు. తప్పు దిద్దించుటకు పత్రములును దినములును కావలెను. ఆసుపత్రి వాకిట నిలిచిన నాడు అది సాధ్యము కాదు.

కావున తల్లిదండ్రులారా! ఈ వారముననే ఇంటి పెద్దల ఆధార్ కార్డును బయటికి తీయుడు. ఒడియా చదువలేని తాతగారికి, బడిలో ఒడియా నేర్చుచున్న మనుమరాలు అందలి పేరును, పుట్టిన తేదీని చదివి వినిపింపగలదు. ఆ చదువునకు ఇంతకంటె మంచి ఉపయోగ మేమున్నది?