రేడియేటర్ కారుతున్నప్పుడు

ఢిల్లీలో మే, జూన్ నెలల్లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు రేడియేటర్ కారితే ఇంజను త్వరగా వేడెక్కుతుంది. వెంటనే మూత తీయకండి. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులు కాగానే అది ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి.

ముందు రబ్బరు గొట్టాలు, క్లిప్పులు చూడండి. లోపం అక్కడే ఉంటే బిగిస్తే చాలు. పాత ఇత్తడి రేడియేటర్ చిల్లికి టంకం వేయవచ్చు. అల్యూమినియానికి ఆ టంకం అంటదు, ప్లాస్టిక్ ట్యాంకుకు అసలే పనికిరాదు. ఎపాక్సీ పూస్తే కశ్మీరీ గేటు విడిభాగాల బజారు దాకా బండి చేరవచ్చు, అంతే. పసుపు పోస్తే చిల్లి పూడుతుందని డ్రైవర్లు అంటారు. కాసేపు నిజమే, లోపలి సన్నని గొట్టాలూ పూడుతాయి!

కారిన కూలెంట్‌ను కడిగేయండి. తియ్యగా ఉండే విషమది, పిల్లలు, కుక్కలు నాకే ప్రమాదముంది.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక కారు రేడియేటర్ ట్యాంకు దేనితో చేసినదో చూసి రాయండి.