చెట్ల రాత్రి లెక్క

కార్బన్ డయాక్సైడ్‌ని పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లు. నాకా పేరే ఇష్టం. చెట్లు పగలు పీల్చుకున్న దాంట్లో కొంత రాత్రి వదిలేస్తాయి. జమాఖర్చు తేలాలంటే రాత్రి లెక్కా కావాలి కదా!

2014లో నాసా పంపిన ఓసీఓ-2 ఉపగ్రహం నేలమీద పడి తిరిగొచ్చే ఎండనుబట్టి కొలుస్తుంది. చీకటిపడితే దానికి పని లేదు. 2022లో చైనా పంపిన దాచీ-1లోని లేజర్‌కి ఆ ఇబ్బంది లేదు. పక్కపక్క తరంగదైర్ఘ్యాల్లో రెండు కిరణాలు పంపుతుంది. ఒకదాన్ని ఈ వాయువు బాగా మింగుతుంది, రెండోదాన్ని దాదాపు ముట్టదు. తిరిగొచ్చిన వెలుగుల్లో తేడానుబట్టి వాయువు ఎంతుందో తెలుస్తుంది.

వినడానికి తేలికే! గాలిలో పది లక్షల పాళ్లకి ఇది సుమారు 420 పాళ్లు. అందులో ఒకటి రెండు పాళ్ల మార్పు కూడా దొరకాలి. పైగా గాలి ఎటు వీస్తోందో కలిపి చూస్తేనే ఏ నేల ఇచ్చిందో, ఏ అడవి పుచ్చుకుందో తేలుతుంది.